చిన్నపిల్లలతో హైదరాబాద్‌లో ఆదివారం: టికెట్టు ధర చూసి నిర్ణయించుకోకండి

పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్దాం అనుకోగానే మనం ముందు చూసేది టికెట్టు ఎంత అని. తక్కువుంటే చవక, ఎక్కువుంటే దండగ అని అక్కడికక్కడే తేల్చేస్తాం. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో ఈ లెక్క కుదరదు. ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చి జేబు చూసుకుంటే టికెట్టుకు పోయింది కొంచెమే ఉంటుంది. మిగతాదంతా వెళ్లి రావడానికి, తినడానికి, గేటు దగ్గర అమ్మే బుడగలకీ సబ్బు నీళ్ల డబ్బాలకీ పోయి ఉంటుంది. వీటన్నిటినీ పెంచేది, తగ్గించేది ఒకటే: పిల్ల ఎంతసేపు ఓపిగ్గా ఉంటుంది అన్నది. ఓపిక అయిపోయిన పిల్లను ఎత్తుకుని బస్టాపులో నిలబడే ధైర్యం ఎవరికీ ఉండదు. ఫోన్ తీసి క్యాబ్ పిలుస్తాం. ఆ ఒక్క క్యాబ్‌తో పొద్దుట్నించీ మిగిల్చింది కాస్తా పోతుంది.

అందుకే కింద చెప్పిన చోట్లను టికెట్టును బట్టి కాకుండా మొత్తం ఖర్చును బట్టి, పిల్లల వయసును బట్టి పోల్చాను. నాకు నచ్చనివి నచ్చలేదనే చెప్పాను.

నుమాయిష్‌ను చూడండి. 1938లో మొదలైన ఈ ఎగ్జిబిషన్ ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు నాంపల్లి మైదానంలో జరుగుతుంది. లోపలికి వెళ్లడానికి టికెట్టు చిన్నదే. గేటు దాటాక మాత్రం రంగులరాట్నానికి వేరే, పిల్లల రైలుకు వేరే, మిర్చీ బజ్జీలు వేరే, బొమ్మల దుకాణాలు వరసగా వేరే. నుమాయిష్‌కు వెళ్లొద్దని అనను, వెళ్లకపోతే హైదరాబాద్‌లో చలికాలం గడిచినట్టే ఉండదు. కానీ అది చవక షికారు కాదు. దాన్ని ఏడాదికో పండగ ఖర్చుగా రాసుకోండి. వెళ్లేది మామూలు రోజున, సాయంత్రం తెరిచిన వెంటనే అయితే నయం. శని, ఆదివారాల్లో రాత్రి ఎనిమిదింటికి ఆ జనంలో నాలుగేళ్ల పిల్లకు కనిపించేవి పెద్దవాళ్ల మోకాళ్లే.

మాల్ కథ ఇంకో రకం. అక్కడ లోపలికి డబ్బే అడగరు. మూడో అంతస్తులో గేమ్ జోన్ ఉంటుంది. దాంట్లో ఆడాలంటే కార్డు తీసుకోవాలి, కార్డులో ఇంత కనీసం వేయాలంటారు. ఆట రెండు నిమిషాల్లో ముగుస్తుంది. చివర్లో ఏ ఆటకూ చాలనంత డబ్బు కార్డులో మిగులుతుంది, దాన్ని వాడుకోవడానికి మళ్లీ రావాల్సి వస్తుంది. కార్డు పద్ధతి పెట్టిందే అందుకు. మే నెల మధ్యాహ్నం ఏసీ కోసం మాల్‌కు వెళ్తే తప్పు లేదు. ఇంట్లో తిని, ఎస్కలేటర్లు ఎక్కి దిగి, గేమ్ జోన్ ఉన్న అంతస్తుకు పోకుండా తిరిగొచ్చే నిబ్బరం మీకుంటే అంతకంటే చవకైన చల్లటి చోటు ఇంకోటి లేదు. ఆ నిబ్బరం పిల్లలకు ఎలాగూ ఉండదు.

ఎలా వెళ్లాలి

ఇది ముందు తేల్చుకుంటే ఎక్కడికి అన్నది సగం తేలిపోతుంది.

సిటీ బస్సును చాలామంది మధ్యతరగతి ఇళ్లలో మర్చిపోయారు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడవాళ్లకు, ఆడపిల్లలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు డబ్బు లేదు. అమ్మ ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటుంది. ఐదేళ్లు నిండని పిల్లలకు ఎలాగూ టికెట్టు ఉండదు, ఆ పైన పన్నెండేళ్ల దాకా మగపిల్లలకు హాఫ్ టికెట్. ఇద్దరూ ఆడపిల్లలైతే ఇంటి మొత్తానికి టికెట్టు కొనేది నాన్న ఒక్కడే. ఈ పథకం వచ్చాక బస్సుల్లో రద్దీ పెరిగింది, అది కూడా నిజమే. ఆదివారం పొద్దున తొమ్మిదిలోపు ఎక్కితే సీటు దొరుకుతుంది. సాయంత్రం ఆరింటికి కోఠిలో చంటిబిడ్డతో ఎక్కాలంటే మాత్రం బాగానే ఓపిక ఉండాలి. కాబట్టి పోయేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు అవసరాన్ని బట్టి ఆటో అనుకోవడమే తెలివైన పని. రెండు వైపులా క్యాబ్ కంటే సగం దాకా తగ్గుతుంది.

ఎంఎంటీఎస్ లోకల్ రైలు నాకు అన్నిటికంటే ఇష్టం. 2003లో మొదలైంది. కనీస టికెట్టు ఐదు రూపాయలు, ఐదేళ్లలోపు పిల్లలకు అదీ లేదు. కిటికీ పక్కన కూర్చున్న మూడేళ్ల పిల్లకు ఎదురుగా వచ్చే రైలు, గేటు దగ్గర ఆగిన బళ్లు, ప్లాట్‌ఫామ్ మీద కుక్క, అన్నీ వినోదమే. ఆమెకు రైలెక్కడమే షికారు, పార్కు అదనం. లింగంపల్లి నుంచి నాంపల్లి వెళ్లే బండి నెక్లెస్ రోడ్డు, ఖైరతాబాద్, లక్డీకాపూల్‌లలో ఆగుతుంది. సికింద్రాబాద్ వైపు లైన్‌లో సంజీవయ్య పార్కు పేరుతోనే స్టేషన్ ఉంది. లోపమల్లా రైళ్ల మధ్య ఎడం. ఒకటి తప్పితే ఇంకోదాని కోసం చాలాసేపు కూర్చోవాలి. ఆదివారాలు కొన్ని సర్వీసులు తగ్గిస్తారు కూడా. టైము చూసుకోకుండా ఇల్లు కదలకండి.

మెట్రోలో ఈ ఎదురుచూపు లేదు, ఏసీ ఉంది, లిఫ్టులున్నాయి. 90 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకు టికెట్టు అక్కర్లేదు. మెట్రో మొత్తం స్తంభాల మీదే నడుస్తుంది కాబట్టి కిటికీలోంచి ఊరంతా కనిపిస్తుంది. కానీ 2025 మేలో ఛార్జీలు పెరిగాక నలుగురికి దూరప్రయాణం రానూపోనూ లెక్కేస్తే షేర్ ఆటో, బస్సు కంటే బాగా ఎక్కువ అవుతుంది. దగ్గరి దూరాలకు, మండుటెండల్లో, వాన రోజుల్లో మెట్రో. మిగతా రోజుల్లో బస్సు, రైలు. బండి మీద ఇద్దరు పిల్లల్ని ముందొకరిని వెనకొకరిని కూర్చోబెట్టుకుని వెళ్లడం అన్నిటికంటే చవకే, కానీ దాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

మూడేళ్ల లోపు వాళ్లకు ఊరు తిరగాల్సిన పని లేదు

ఈ వయసు పిల్లలకు జూ ఒకటే, సందు చివర కట్టేసిన మేక ఒకటే. ఇంకా చెప్పాలంటే మేకే నయం, దగ్గరికి వెళ్లొచ్చు, ఆకు పెట్టొచ్చు. రెండేళ్ల బాబుకు పులిని చూపించాలని వందలు ఖర్చు పెట్టి తీసుకెళ్తే వాడు బోను ముందు నేల మీద గులకరాళ్లు ఏరుకుంటాడు. కాలనీ పార్కు, ఉయ్యాల, ఇసుక చాలు. పక్కింటి వాళ్లు ఇల్లు కడుతూ ఇసుక దింపితే ఆ నెలంతా పండగే. మేకులు, గాజుపెంకులు లేవని చూసుకుని ఒక గిన్నె, గరిటె ఇచ్చి కూర్చోబెట్టండి, పక్కనే ఉండండి.

వారానికోసారి రైతుబజారుకు తీసుకెళ్లడం కూడా ఈ వయసుకు మంచి షికారే. 1999లో మొదలైన రైతుబజార్లు ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి, సరూర్‌నగర్, వనస్థలిపురం ఇలా చాలాచోట్ల ఉన్నాయి. ధరల బోర్డు ఉంటుంది కాబట్టి పిల్లను చంకనేసుకుని బేరమాడే తిప్పలు తక్కువ. నాలుగైదేళ్లు వచ్చాక చేతిలో ఇరవై రూపాయలు పెట్టి కొత్తిమీరో, నిమ్మకాయలో నువ్వే కొను అనండి. చిల్లర లెక్కపెట్టుకుని తీసుకోవడం ఎక్కాల పుస్తకం కంటే ముందే వచ్చేస్తుంది. మనకూ వారం కూరగాయల పని అయిపోతుంది. అదే మాల్‌లో ట్రాలీలో కూర్చోబెట్టి తిప్పితే కూరగాయలతో పాటు రెండు చాక్లెట్ డబ్బాలు, ఒక బొమ్మ గుడ్డు బిల్లులో చేరతాయి.

మూడు నుంచి ఆరేళ్లు: పార్కుల్లో ఏది?

ఇక్కడ పోటీ పబ్లిక్ గార్డెన్స్, సంజీవయ్య పార్కు, కేబీఆర్ పార్కు, బొటానికల్ గార్డెన్ మధ్య.

కేబీఆర్ పార్కు 1998లో జాతీయ ఉద్యానం అయ్యింది. జూబ్లీహిల్స్ నడిబొడ్డున అంత అడవి ఉండటం గొప్పే, నెమళ్లు నిజంగానే కనిపిస్తాయి. కానీ అది నడిచేవాళ్ల పార్కు. దారి పొడుగునా వాకింగ్ బూట్ల వాళ్లు వేగంగా పోతుంటారు, మధ్యలో పిల్లలు అడ్డం పడతారు. తిండి తీసుకెళ్లి కూర్చునే చోటు కాదు, మధ్యాహ్నం మూసేస్తారు. నెమలి కోసం ఒకసారి పొద్దున్నే వెళ్లొచ్చు, ప్రతి వారం చిన్నపిల్లలతో అక్కర్లేదు. కొండాపూర్ దగ్గరి బొటానికల్ గార్డెన్‌లో జాగా ఎక్కువ, రాళ్లూ చెట్లూ బాగుంటాయి. ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లకు బాగుంటుంది, ఎల్బీ నగర్ నుంచి పోవాల్సినంత లేదు.

నా ఓటు పబ్లిక్ గార్డెన్స్‌కు. ఎందుకంటే అక్కడ ఒక్క ప్రయాణంతో చాలా పనులు అవుతాయి. నాంపల్లిలో రైలు దిగినా, అసెంబ్లీ దగ్గర మెట్రో దిగినా దగ్గరే. లోపలికి టికెట్టు లేదు. ముసలి చెట్ల నీడ ఉంది, పచ్చిక ఉంది, దుప్పటి పరిచి క్యారియర్ విప్పితే ఎవరూ లేవగొట్టరు. లోపలే రాష్ట్ర పురావస్తు మ్యూజియం ఉంది. అందులో ఈజిప్ట్ నుంచి వచ్చిన మమ్మీ ఉంది. ఐదేళ్లు దాటిన పిల్లలు దాని ముందు నుంచి కదలరు, రకరకాల ప్రశ్నలు వేస్తారు. ఇంకా చిన్నవాళ్లు కొందరు భయపడతారు, రాత్రి నిద్రలో లేస్తారు. మీ పిల్లల సంగతి మీకే తెలుసు. అక్కడే జవహర్ బాలభవన్ కూడా ఉంది. పాట, ఆట, బొమ్మలు గీయడం లాంటివి చాలా తక్కువ ఫీజుకు నేర్పిస్తారు. ఎండాకాలం సెలవుల్లో ప్రైవేటు సమ్మర్ క్యాంపుకు కట్టే డబ్బుతో పోలిస్తే అది లెక్కలోకే రాదు. తేడా ఎక్కడంటే, సమ్మర్ క్యాంపు మీ ఇంటి పక్క సందులో ఉంటుంది, ఏసీ గది, వాట్సాప్‌లో రోజూ ఫొటోలు. బాలభవన్‌కు మీరు రోజూ తీసుకెళ్లి తీసుకురావాలి. ఇంట్లో తాతయ్యో నానమ్మో ఉండి, మెట్రో లైన్ మీద ఇల్లు ఉంటే బాలభవన్ ఎంచుకోండి. ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇంట్లో రోజూ రెండు గంటల ప్రయాణం పెట్టుకోలేరు. అప్పుడు క్యాంపు ఫీజును దండగ అనను.

సంజీవయ్య పార్కు అందం హుస్సేన్ సాగర్‌ది. గులాబీ తోట ఉంది, పిల్లలు పరుగెత్తడానికి బోలెడు ఖాళీ ఉంది. 2016 జూన్ 2న ఎగరేసిన 291 అడుగుల జెండా స్తంభం ఉంది, దాని కింద నిలబడి పైకి చూస్తే పిల్లల మెడలు నొప్పి పుడతాయి. టికెట్టు చిన్నది. నీడ మాత్రం పబ్లిక్ గార్డెన్స్ అంత లేదు, అందుకే ఇది నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. గాలి అటు నుంచి వీచే రోజుల్లో సాగర్ వాసన గురించి నేను చెప్పక్కర్లేదు. ఇక్కడి నుంచి సాయంత్రం నెక్లెస్ రోడ్డు మీదకు నడిస్తే కాల్చిన మొక్కజొన్న కంకి తప్పదు. దానికి డబ్బు ముందే పక్కన పెట్టుకోండి, ఆ ఖర్చు మానేయడం అన్యాయం.

లుంబినీ పార్కు నుంచి బోటెక్కి బుద్ధుడి దగ్గరికి వెళ్లడం బయటి ఊరి చుట్టాలు వచ్చినప్పటికి దాచుకోండి. నలుగురికి పార్కు టికెట్టు, బోటు టికెట్టు కలిస్తే మామూలు ఆదివారానికి ఎక్కువ. 1992లో నిలబెట్టిన ఆ ఏకశిలా విగ్రహాన్ని ట్యాంక్‌బండ్ మీద నుంచి రోజూ ఉచితంగానే చూడొచ్చు.

జూనా, గోల్కొండా, సాలార్‌జంగా?

ఎక్కువమంది తల్లిదండ్రులకు ఇక్కడే ఎటూ తేలదు. మూడూ హైదరాబాద్ పిల్లలు చూడాల్సినవే. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే ప్రశ్న.

నెహ్రూ జూపార్కు 1963లో తెరిచారు, దాదాపు 380 ఎకరాలు. 2025 మార్చిలో టికెట్టు పెద్దలకు 100, పిల్లలకు 50 చేశారు. అంటే ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలకు గేటు దగ్గరే 300. ఆ 380 ఎకరాలను నాలుగేళ్ల పిల్ల నడవలేదు, ఎత్తుకుని మీరూ నడవలేరు. కాబట్టి బ్యాటరీ బండో, పిల్లల రైలో తప్పదు, సఫారీ అంటే ఇంకో టికెట్టు. వెళ్లి రావడం, లోపల నీళ్లు, ఐస్‌క్రీమ్ కలుపుకుంటే నలుగురికి వెయ్యి దాటడం పెద్ద విషయం కాదు. అందుకే జూకు వెళ్తే పూర్తిగా ఒక రోజు పెట్టుకుని, ఏడాదికి ఒకసారి వెళ్లండి. పొద్దున తెరవగానే లోపల ఉండాలి. ఎండ ఎక్కాక పులులు, సింహాలు నీడలో పడుకుంటాయి, మధ్యాహ్నం రెండింటికి వెళ్లిన వాళ్లకు తోకలే కనిపిస్తాయి. క్యారియర్ తీసుకెళ్లి చెట్ల కింద తినడం జూలో పాత అలవాటే. పులిహోర, దద్దోజనం తెచ్చుకున్న కుటుంబాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఎండాకాలమైతే దద్దోజనం వద్దు, పులిసిపోతుంది. పులిహోర, చపాతీ, కారప్పొడి ఇడ్లీ నిలబడతాయి. అన్నీ చూడాలన్న పంతం వదిలేసి నాలుగు జంతువులు మాత్రం చూద్దాం అని ఇంట్లోనే పిల్లలతో ఖాయం చేసుకుంటే బండి ఖర్చు కూడా మిగులుతుంది.

గోల్కొండలో పెద్దలకు టికెట్టు 25 రూపాయలు. పదిహేనేళ్ల లోపు పిల్లలకు లేదు, కేంద్ర పురావస్తు శాఖ వాళ్ల కట్టడాలన్నిటికీ ఇదే పద్ధతి, చార్మినార్‌కు కూడా. అదే నలుగురి కుటుంబానికి 50 రూపాయలు, జూ గేటు దగ్గర ఇచ్చిన దాంట్లో ఆరో వంతు. అయినా ఐదేళ్ల లోపు పిల్లలతో గోల్కొండ నేను సిఫారసు చేయను. పైకి దాదాపు 360 మెట్లు. కొన్ని చోట్ల మెట్లు ఎత్తుగా ఉంటాయి, పక్కన పిట్టగోడ ఉండదు. చిన్నదాన్ని ఎత్తుకుని ఎక్కొచ్చు, దిగేటప్పుడే మోకాళ్లు వణుకుతాయి. ఆరేళ్లు దాటిన పిల్లలకు మాత్రం ఊళ్లో ఇంతకు మించిన ఆటస్థలం లేదు. గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే కొండ కొసన ఉన్న బాలా హిస్సార్ మంటపం దాకా వినిపిస్తుంది. దీన్ని చూపించడానికి గైడు అక్కర్లేదు, గైడుకు ఇచ్చేది టికెట్టుకు ఎన్నో రెట్లు. నాన్న ఒక పిల్లాడితో పైకి ఎక్కాలి, అమ్మ ఇంకో పిల్లతో కింద ఉండాలి, ఫోన్‌లో ఒకరికొకరు చెప్పుకుని చప్పట్లు కొట్టాలి. పైన వాళ్లకు వినిపించిందా లేదా అన్న టెన్షన్‌తోనే పిల్లలకు పొద్దు గడిచిపోతుంది. శత్రువు వస్తే పైనున్న వాళ్లకు కబురు ఇలాగే అందేదని అప్పుడు చెప్పండి, గుర్తుండిపోతుంది. నవంబర్, డిసెంబర్, జనవరి నెలలు సరైనవి. ఏప్రిల్, మేలో ఆ రాళ్లు పెనంలా కాలతాయి.

సాలార్‌జంగ్ మ్యూజియం ఎండకూ వానకూ పనికొస్తుంది. 1951లో మొదలై, 1968 నుంచి మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలో ఉంది. పిల్లలతో వెళ్లి గదులన్నీ చూడాలనుకుంటే మూడో గదిలోనే ఏడుపు మొదలవుతుంది. చూడాల్సినవి నాలుగే: గంటల గడియారం, బొమ్మల గది, కత్తులూ డాళ్లూ ఉన్న గది, వెనక అద్దం పెట్టిన జంట చెక్క విగ్రహం. ఆ చివరిదానికి ముందు నుంచి చూస్తే ఒక మనిషి, అద్దంలో చూస్తే ఇంకో మనిషి. గడియారంలో గంటకోసారి చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. పన్నెండింటికి పన్నెండు కొడుతుంది కాబట్టి జనం అప్పుడే ఎక్కువ. పదకొండున్నరకే వచ్చి ముందు వరసలో కూర్చోండి, లేదా పిల్లల్ని భుజాల మీద మోయడానికి సిద్ధపడండి. పదింటికి వచ్చి మూడు గదులు చూసి, గడియారంతో ముగించి, ఒంటి గంటకు బయటపడితే పిల్లలు ఇంకా మంచి మూడ్‌లోనే ఉంటారు.

మూడింటినీ పక్కపక్కన పెడితే: నాలుగేళ్ల నుంచి సాలార్‌జంగ్, ఆరేళ్ల నుంచి గోల్కొండ, జూ మూడేళ్లు దాటాక ఏ వయసుకైనా సరే కానీ ఏడాదికొకసారి. చాలామంది దీన్ని తిరగేస్తారు, చిన్నప్పుడే జూ చూపించేసి, పెద్దయ్యాక మ్యూజియం అంటారు. మా చుట్టాల్లో ఈ విషయం మీద వాదన ఇంకా తెగలేదు.

జూ దగ్గరే బహదూర్‌పురాలో సుధా కార్ మ్యూజియం ఉంది. బూటు ఆకారంలో, క్రికెట్ బ్యాట్ ఆకారంలో చేతితో చేసిన కార్లు ఉంటాయి. బళ్ల పిచ్చి ఉన్న పిల్లలకు బాగుంటుంది, గంటలో అయిపోతుంది. జూ చూసిన రోజే దీన్నీ కలపాలని అందరూ అనుకుంటారు, అలసిన పిల్లలు ఏ కారూ చూడరు. వేరే రోజు వెళ్లండి.

మే నెలకు ఇంకో దారి నౌబత్ పహాడ్ కొండ. బిర్లా ప్లానెటేరియం 1985లో వచ్చింది, తెలుగులో కూడా షో ఉంటుంది. చీకటంటే భయపడే వయసు దాటాకే తీసుకెళ్లండి. పక్కనే సైన్స్ మ్యూజియంలో గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే డైనోసార్ ఎముకల గూడు నిలబెట్టి ఉంది. సినిమాల్లో చూసిన రాక్షసబల్లి మన తెలంగాణ మట్టిలోంచే వచ్చిందంటే ఏడేళ్ల పిల్లాడి కళ్లు చూడాలి. సాయంత్రం అయ్యాక బిర్లా మందిర్ మెట్లెక్కండి, టికెట్టు లేదు, మధ్యాహ్నమైతే పాలరాయి కాళ్లు కాలుస్తుంది. ఆ గుళ్లో గంటలు ఉండవు. గంట కొట్టడానికే గుడికి వచ్చే పిల్లలకు ఈ మాట ముందే చెప్పి తీసుకెళ్లడం మంచిది.

పుస్తకాలు, పుట్టినరోజులు

అఫ్జల్‌గంజ్‌లో 1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయాన్ని భవనం కోసమైనా చూడాలి. చిన్నపిల్లలను అక్కడ కూర్చోబెట్టి చదివించాలంటే కష్టం. ఇక్కడైనా, చిక్కడపల్లి లైబ్రరీలోనైనా పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్లు నిశ్శబ్దంగా కూర్చుని ఉంటారు, మన పిల్లల గోలకు వాళ్ల చదువు పోతుంది. దానికంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మంచిది. దుకాణాలు మూసి ఉండే ఆ రోజు వాటి ముందు పాత పుస్తకాలు పరుస్తారు. బొమ్మల పుస్తకాలు కొత్తవాటి ధరలో కొంత భాగానికే వస్తాయి, బేరం కూడా నడుస్తుంది. పేజీలు చినిగాయా, ఎవరైనా రంగులు వేసేశారా అని తిప్పి చూసుకోండి. డిసెంబర్ బుక్ ఫెయిర్ పెద్దది, కొత్త తెలుగు పిల్లల పుస్తకాలన్నీ ఒక్కచోట చూడాలంటే అదే. డబ్బు మిగలాలంటే అబిడ్స్.

పుట్టినరోజు విషయంలో నేను కొంచెం మొండిగా మాట్లాడతాను. మొదటి పుట్టినరోజుకు ఫంక్షన్ హాలు తీసుకోవడం పెద్దవాళ్ల సరదా. చుట్టాలందరూ కలవాలనుకుంటే చేయండి, బిడ్డ కోసం అని మాత్రం అనకండి. ఆ బిడ్డ ఆ రోజంతా మెరుపుల గౌను గుచ్చుకుని ఏడుస్తుంది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకు అపార్ట్‌మెంట్ మేడ మీదో, సెల్లార్‌లోనో ఎనిమిది పది మంది పిల్లలు, ఇంట్లో చేసిన సేమ్యా పాయసం, బయట నుంచి సమోసాలు, కేకు ఉంటే చాలు. రిటర్న్ గిఫ్టులు బేగంబజార్‌లో డజను లెక్కన తెచ్చుకుంటే ఇంటి దగ్గరి గిఫ్ట్ షాపుతో పోలిస్తే సగం ధరకు దొరుకుతాయి. కానీ ఒక్క పది మంది కోసం ఉప్పల్ నుంచి బేగంబజార్‌కు పోతే ఆటో ఖర్చు ఆ మిగులును తినేస్తుంది. అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి ఏడాదికి సరిపడా ఒకేసారి తెచ్చుకుంటేనే లాభం. ప్లాస్టిక్ బొమ్మల బదులు పెన్సిళ్లు, రంగు సుద్దలు తెస్తే అవతలి ఇంటివాళ్లూ మిమ్మల్ని తిట్టుకోరు.

పండగలు ఎలాగూ ఉచితం. బతుకమ్మ తొమ్మిది రోజులూ కాలనీలోనే, తంగేడు, గునుగు పూలు తెంపుకు రావడమే పిల్లలకు సగం ఆట. సంక్రాంతికి పతంగులు ధూల్‌పేటలో తీసుకోండి, చైనా మాంజా నిషేధం కాబట్టి నూలు దారమే అడగండి. 1954లో మొదలైన ఖైరతాబాద్ గణేశుణ్ణి మామూలు రోజు పొద్దున్నే చూపించొచ్చు, నిమజ్జనం రోజు మాత్రం చిన్నపిల్లలతో వద్దే వద్దు.

గేటు దగ్గర కొనుగోళ్లకు ఒక పద్ధతి పెట్టుకోండి. మనిషికి ఒకటే, ఎంత లోపు అన్నది ఇంట్లోనే చెప్పి, ఆ డబ్బు పిల్లల చేతికే ఇవ్వండి. బుడగ కావాలా, పీచు మిఠాయి కావాలా అని వాళ్లే తల పట్టుకుంటారు. మన పర్సు వైపు చూడటం తగ్గుతుంది. మొదట్లో గొడవ చేస్తారు, మధ్యలో సడలించకపోతే కుదురుకుంటుంది.

మీ ఇల్లు ఎక్కడ అన్నదాన్ని బట్టి

మియాపూర్, కూకట్‌పల్లి వాళ్లయితే మెట్రోలో అసెంబ్లీ దిగి పబ్లిక్ గార్డెన్స్. మారాల్సిన పని లేదు. లింగంపల్లి, హఫీజ్‌పేట వైపు ఉంటే ఎంఎంటీఎస్‌లో నెక్లెస్ రోడ్డు. సికింద్రాబాద్ వాళ్లకు సంజీవయ్య పార్కు రెండు స్టేషన్ల దూరం. మెహిదీపట్నం, టోలీచౌకీ వాళ్లు గోల్కొండకు పొద్దున వెళ్లి ఎండ ముదరకముందే దిగి ఇంటికొచ్చేయొచ్చు, ఇంత దగ్గరలో ఉండి మాల్‌కు పోవడం నాకైతే అర్థం కాదు. మాదాపూర్, గచ్చిబౌలి వాళ్లకు శిల్పారామం ఉంది. 1992లో కట్టిన ఆ పల్లె ఇళ్లు, మట్టి బొమ్మల మనుషులు బాగుంటారు, బట్టల దుకాణాల వైపు మాత్రం అమ్మానాన్నలే ముందు జారిపోతారు. నిజం పల్లె మీకుంటే శిల్పారామం బదులు సెలవుల్లో అక్కడికే పంపండి. ఉప్పల్ వాళ్లకు ఇప్పుడు వాళ్ల శిల్పారామం వాళ్లకు ఉంది, మాదాపూర్ దాకా పోనక్కర్లేదు. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట వాళ్లు సాలార్‌జంగ్‌కు బస్సులో వెళ్లడం ఉత్తమం. మెట్రో అయితే ఎంజీబీఎస్‌లో దిగి అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవాలి, ఎండలో పిల్లలతో ఆ దూరం నడవకండి. సాలార్‌జంగ్ శుక్రవారం, జూ సోమవారం మూసి ఉంటాయి. స్కూలు సెలవు ఆ రోజుల్లో పడితే ఇంకో చోటు అనుకోండి.